తొలి పోగు

మా ముత్తాత పుల్లారెడ్డి పోలీస్ పటేల్. తాత మాణిక్‌రెడ్డి మాలీ పటేల్. కొండాపూర్ చుట్టూ నాలుగు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే సంగారెడ్డి చేరేది. తహసీల్దారు గుర్రం మీద వచ్చిన రోజుల్లో మా అరుగు మీదే దిగేవాడు. మా వాకిలి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాళ్లు. మా నాన్న అనంతరెడ్డి నాటికి పటేల్‌గిరీ సర్కారు కాగితాల్లో రద్దయింది, జనం నోట్లో మాత్రం మిగిలింది. నాకు ఆ పిలుపు దక్కింది. దాంతో పాటు తొలి పోగు దక్కింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు యాటను, అంటే మేకనో గొర్రెనో, నలుగురూ కలిసి కొని కోస్తారు. మాంసాన్ని సమానంగా కుప్పలు పెట్టి పంచుకుంటారు. ఆ కుప్పను పోగు అంటారు. ఊళ్లో ఎవరు యాటను కోసినా తొలి పోగు మా ఇంటికి రావాలి. అందులో కుడి తొడ ముక్క, సగం కార్జం, వీపు మీది కొవ్వు ఉండాలి. మోదుగాకుల్లో చుట్టి తెచ్చి గడప బయట నిలబడి ఇవ్వాలి. ఇంటి పెద్ద తన చేతులతో అందుకోవాలి. మేము అందుకున్నామని కబురు వెళ్లాకే అక్కడ మిగతా పోగులు లేస్తాయి.

ఆ పోగులు పెట్టే పని తరతరాలుగా ఒకే ఇంటివాళ్లది. వాళ్లు మా చేలు దున్నినవాళ్లు. ఆ ఇంట్లో ఆ పని చేసిన చివరి మనిషి మొన్న చలికాలంలో పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచే హక్కును మా ఇంటివాళ్లు మూడు తరాలు ధారాళంగా వాడుకున్నారు. అది నాతో ఆగిపోవాలని ఉంది. ఆయన అని రాస్తున్నాను. బతికుండగా ఎన్నడూ అలా అనలేదు.

మా నాన్న కోర్టు తగాదాల్లో భూమి కరిగిపోయాక నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో స్టోర్ క్లర్కుగా చేరాను. మొదటి రోజు నన్ను డ్రమ్ముల మధ్య ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, సీనియర్ ఆపరేటర్ వచ్చి పని చూపిస్తాడని చెప్పారు. వచ్చింది ఆయన. నాకంటే ఆరేళ్లు పెద్ద, అప్పటికే అక్కడ తొమ్మిదేళ్ల సర్వీసు. నన్ను చూడగానే నెత్తి మీది పసుపు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పటేలా, నువ్వు గీడికొచ్చినవా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి వెతికాను. దొరకలేదు. జాలి ఉంది. ఎగతాళి అయినా నయమనిపించింది.

అప్పటి నుంచి ప్లాంటులో నేను ఎదురైతే చాలు, హెల్మెట్ చంకలోకి వచ్చేది. పైన పైపులు కారుతున్నా అంతే. సేఫ్టీ ఆఫీసర్ రెండుసార్లు రాసుకున్నాడు. ఒకసారి నా ఎదుటే అడిగాడు, ఈయనను చూస్తే మీకు తల దురద పెడుతుందా అని. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. పెట్టుకో అని నేను ఒక మాట అంటే సరిపోయేది. నేను రిజిస్టరులో తల పెట్టుకున్నాను.

నా ఇబ్బంది వేరు. ఊళ్లో మా వాళ్లు ఆయనను పేరుతో, ఏకవచనంతో పిలిచేవాళ్లు. కంపెనీలో నాలుగు వందల మంది ఆయనను అన్నా అనేవాళ్లు. ఆఖరికి షిఫ్టు మేనేజరు కూడా. నాకు రెండూ నోటికి రాలేదు. పంతొమ్మిదేళ్లు ఆయనను ఏమీ పిలవకుండా గడిపాను. పని పడితే దగ్గరికి వెళ్లి, ఆయన తల తిప్పేదాకా నిలబడేవాణ్ణి.

ముత్తంగి దగ్గర రింగురోడ్డు వంతెన కింద ఎండ తగలని జాగా ఒకటుంది. మా వైపు నుంచి వచ్చి కంపెనీల్లో, గోదాముల్లో పనిచేసే పద్నాలుగు ఇళ్లవాళ్లు ఆదివారం ఆదివారం అక్కడ యాటను కోసేవాళ్లు. పైన లారీలు పోతుంటే స్తంభాలు సన్నగా అదిరేవి. అక్కడి సంగతులు నాకు వెళ్లినవాళ్లు చెప్పినవే. ఆయన చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. తెల్లచొక్కా విప్పి స్తంభానికున్న ఇనుప చువ్వకు తగిలించి, బనీను మీద నిలబడేవాడు. చెప్పులు దూరంగా విడిచేవాడు. పటేల్ ఇంటి పోగు పెట్టేటప్పుడు కాళ్లకు చెప్పులు ఉండకూడదని వాళ్ల నాన్న నేర్పాడు. నీలం తాడ్‌పత్రి పరిచి పసుపు నీళ్లతో తుడిచేవాడు. కోసే పని ఇంకొకరిది. ఆ తర్వాత ముక్కలు చేయడం నుంచి పని ఈయనది.

ముందు ఎముకలు పెట్టేవాడు, చుట్టూ తిరుగుతూ, పోగుకు ఇన్ని అని. తర్వాత మెత్తటి మాంసం. ఆ తర్వాత కొవ్వు, కార్జం, ప్లీహమనే తిల్లి. తక్కెడ లేదు. ముక్కను అరచేతిలో రెండుసార్లు ఆడించి చూసి ఇటు నుంచి అటు మార్చేవాడు. అంతా అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కసారి మొత్తం చూసేవాడు. ఎక్కడో ఒక గోరంత ముక్క ఆయన కంటికి నచ్చేది కాదు. వంగి దాన్ని మార్చేవాడు. ఆ చివరి ముక్క మారేదాకా ఎవరూ కదలకూడదు. తర్వాత ఒకతను పోగులకు వీపు పెట్టి నిలబడేవాడు. ఈయన ఒక్కో పోగు మీదికి చేయి చూపి "ఇది ఎవలికి" అని అడిగేవాడు. అటు తిరిగినవాడు చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పేవాడు. ఎవరి పోగు ఏదో అలా తేలేది. తగాదా ఎన్నడూ రాలేదు. మా పోగు ఆ పద్నాలుగింటిలో లేదు. అది పదిహేనవది, పక్కన విడిగా మోదుగాకుల మీద ఉండేది.

అది లేచే ముందు ఇంకో పని ఉంది. పోగులు పెట్టినవాడు కార్జం ముక్క ఒకటి కొవ్వుతో సహా నిప్పుల మీద కాల్చి అందరి ముందు తినాలి. యాటకు రోగం లేదని, మాంసం మంచిదని అది సాక్ష్యం. కూలీ కింద తలకాయ, కాళ్లు, బోటి ఆయనవి. ఆదివారం మాంసం, సోమవారం తలకాయ, మంగళవారం బోటి, బుధవారం కాళ్ల పులుసు. వాటి కింద గిన్నె బోర్లించినంత తెల్లన్నం. షిఫ్టులో నాలుగైదు తీపి చాయలు. వారం రాత్రి డ్యూటీ, వారం పగలు డ్యూటీ, నిద్రకు వేళాపాళా లేదు. ఇదంతా ఆయన ఒక్కడి సంగతి కాదు. మా వైపు నుంచి వచ్చి కంపెనీల్లో చేరిన అందరం ఇంచుమించు అదే తిండి, అదే బతుకు. నడుముకు బెల్టు రంధ్రాలు జరుగుతున్నాయని ఒకరినొకరం చూసి నవ్వుకునేవాళ్లం.

జహీరాబాద్ వైపు ఫిట్టర్ ఒకతను కొత్తగా చేరి ఒక ఆదివారం చిన్న కరెంటు తక్కెడ తెచ్చాడు. అన్ని పోగులూ తూచాడు. పెద్ద పోగుకూ చిన్న పోగుకూ నిమ్మకాయంత తేడా వచ్చింది. అతను మెచ్చుకోలుగానే చెప్పాడు. ఆయన మాత్రం తాడ్‌పత్రి మీద నుంచి పక్కకు జరిగి చొక్కా తొడుక్కున్నాడు. "మిషన్‌కేం తెల్సు, ఏ ముక్కల ఎంత ఎముక దాసుకున్నదో" అని వెళ్లిపోయాడు. రెండు ఆదివారాలు రాలేదు. ఆ రెండు వారాలూ యాట తెగలేదు. ఆయనను తీసుకురమ్మని నన్ను అడిగారు. నేను వెళ్లలేదు, రమ్మన్నానని కబురు పెట్టాను. మూడో ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి చొక్కా విప్పి చువ్వకు తగిలించాడట. ఫిట్టర్ ఆ తక్కెడను మళ్లీ సంచిలో నుంచి తీయలేదు.

మా ఇల్లు పటాన్‌చెరులో రెండో అంతస్తు కిరాయి వాటా. గడప కూడా మాది కాదు. అయినా ఆదివారం పన్నెండు గంటలకు ఆయన మెట్లెక్కి వచ్చి, ఆ గడపకు అవతల చెప్పులు లేకుండా నిలబడేవాడు. మోదుగాకుల పొట్లం రెండు చేతులతో చాపేవాడు. నేను రెండు చేతులతో అందుకునేవాణ్ణి. నా భార్య లోపలి నుంచి అన్నా, రా, చాయ తాగిపో అనేది. ఆయన అక్కడి నుంచే చెల్లె అంటూ ఆమెను కుశలం అడిగి దిగిపోయేవాడు. మెట్ల మీద పక్కింటివాళ్లు తలుపులు తీసి చూసేవాళ్లు. వారం మొత్తంలో నా నడుం నిటారుగా ఉన్న నిమిషం అదొక్కటే అని ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఒక ఏడు కంపెనీలో ఆరోగ్య శిబిరం పెట్టారు. పరగడుపున రమ్మన్నారు. క్యాంటీన్‌లో బల్లలు జరిపి వరుస కట్టించారు. ఆయన నా ముందు నాలుగో మనిషి. నన్ను చూసి వరుసలో నుంచి తప్పుకుని వెనక్కి వచ్చాడు, నన్ను ముందుకు పొమ్మన్నట్టు చేయి చూపాడు. నేను పోయాను. అలా నా వేలికి ముందు సూది పడింది, ఆయనకు నా తర్వాత. ఇద్దరికీ చక్కెర ఎక్కువుందని డాక్టరమ్మ ఒకేసారి కూర్చోబెట్టింది. ఆయన కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడ్డాడు.

వారానికి ఎన్నిసార్లు మటన్ తింటారని ఆమె అడిగింది. ఆయన నా వైపు చూసి, పటేల్ తిన్నన్ని సార్లు అన్నాడు. ఆమె నవ్వింది. తర్వాత ఓపికగా చెప్పింది. ఈ జబ్బు మాంసం ఒక్కదానితోనే వస్తుందని తాను అనదట. వంశంలో ఉందా, పొట్ట ఎంత పెరిగింది, అన్నం ఎంత, నిద్ర ఎట్లా, నడక ఉందా, పొగ, మందు ఉన్నాయా, అన్నీ కలిసి తెస్తాయట. కానీ కొవ్వుతో కూడిన ఎర్ర మాంసం వారంలో సగం రోజులు తింటుంటే ఆ ముప్పు పెరుగుతుందని, మన చేతిలో ఉన్నవాటిలో అది ఒకటని చెప్పింది. ఎప్పుడో ఒకసారి అరచేతిలో పట్టేంత తినండి, కొవ్వు తీసేయండి, మిగతా రోజులు పప్పు, కూర, గుడ్డు, చేప తినండి, అన్నం సగం చేయండి, రోజూ నడవండి. ఆఖరున, పాదాలు రోజూ చూసుకోండి, చెప్పులు లేకుండా తిరగొద్దు అంది. స్పర్శ ముందు పోతుంది, దెబ్బ తగిలినా తెలియదు అంది. ఆయన వంగి తన పాదాలను చూసుకున్నాడు.

బయటకు వచ్చాక స్టోర్ వెనక నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడ్డాం. నేను చక్కెర అంకె రాసిన చీటీని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆయనకు భయం లేదు. "నాకు నాలుగేండ్ల సంది ఉన్నది పటేలా" అన్నాడు. ఇంట్లో తెలుసా అని అడిగాను. తెలుసట, వంతెన కిందివాళ్లకు తెలియదట. చెబితే కత్తి పట్టుకోనివ్వరు, పట్టుకోకుంటే పోగులు కలవవు, మళ్లీ తనను తిడతారు. అది కొంత నిజం, కొంత గర్వం. గర్వం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆయన కాసేపు ట్యాంకు మీది పాకురును గోరుతో గీకాడు. తర్వాత నా జీవితంలో ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక అడిగాడు.

"నువ్వు వద్దను పటేలా. మా ఇంటికి ఇగ పోగు వద్దు అని ఒక్క మాటను. మా నాయిన పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని చెప్పిండు, పటేల్ ఇల్లు అందుకున్నన్ని దినాలు నువ్వు పెట్టాలె అని. నా అంతట నేను బంద్ చెయ్యలేను. నువ్వు వద్దంటే కత్తి కింద పెడ్త. కార్జం తినుడు లేదు, తలకాయ ఇంటికొచ్చుడు లేదు. ఇంటికొస్తె తినకుంట ఉంటనా?"

తల, బోటి వేరేవాళ్లకు ఇచ్చేయరాదా అన్నాను. పోగులోళ్ల కూలీ వేరే ఇంట్లో ఉడకదు అన్నాడు, నాకు అది తెలియనందుకు ఆశ్చర్యపోయినట్టు.

చూద్దాం అన్నాను. మా ఇంట్లో మూడు తరాలుగా, కాదనడం ఇష్టం లేనప్పుడూ, ఔననడం ఇష్టం లేనప్పుడూ వాడిన మాట అది.

ఆదివారం పన్నెండు గంటలకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ నాలుగు రోజులూ ఆ మాటను నోట్లో తిప్పుకున్నాను. వద్దు. రెండక్షరాలు. తలుపు తీశాను. ఆయన పొట్లం చాపి నా ముఖంలోకి చూశాడు. ఎప్పుడూ చూసేవాడు కాదు, ఆ రోజు చూశాడు. ఎదురు వాటావాళ్లు తలుపు తీసి నిలబడ్డారు. వద్దంటే రేపటి నుంచి ఈ మెట్ల మీద నేనెవరు అన్న ఆలోచన వచ్చింది. ఊళ్లో అరుగు కూలింది, భూమి పోయింది, కంపెనీలో క్లర్కును. ఈ పొట్లం ఒక్కటి నన్ను వెతుక్కుంటూ రెండంతస్తులు ఎక్కి వస్తోంది. చేతులు వాటంతట అవే చాచుకున్నాయి.

ఆయన కళ్లు దించుకుని మెట్లు దిగాడు.

ఇక్కడ నేను చేసిన పని నేరుగా రాయాలి. డాక్టరమ్మ చెప్పినవన్నీ పాటించాను. నా భార్య ఇంట్లో మటన్ వండడం మానేసింది. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర. పొద్దున్నే కాలనీ చుట్టూ గంట నడిచేవాణ్ణి. రాత్రి డ్యూటీ తప్పించమని దరఖాస్తు పెట్టుకుని సాధించాను. ఆరు నెలల్లో పొట్ట తగ్గింది, చక్కెర అదుపులోకి వచ్చింది. తొలి పోగు మాత్రం ప్రతి ఆదివారం అందుకున్నాను. ఆయన వీధి మలుపు తిరగగానే పొట్లం స్కూటరు డిక్కీలో పెట్టుకుని, కంపెనీ వెనక రేకుల షెడ్లలో ఉండే ఒడియా కార్మికులకు ఇచ్చి వచ్చేవాణ్ణి. మా ఇంట్లో ఎవరూ తినని మాంసం కోసం ఆయన వారం వారం కార్జం కాల్చుకు తిన్నాడు.

నా భార్య ఒకసారి అడిగింది, ఆ మాట అనడానికి అంత బరువా అని. నువ్వు పటేల్ ఇంట్లో పుట్టలేదు అన్నాను. ఆమె ఆ తర్వాత అడగలేదు. ఆదివారం పన్నెండు కొట్టే వేళకు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేది.

ఆయనకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తర్వాత విన్నాను. ఏదో పనిబడి రేకుల షెడ్ల వైపు వెళ్తే ఒడియావాళ్లు తినిపొమ్మని పిలిచారట. గిన్నెలో ముక్కను చూడగానే తన కత్తి గుర్తుపట్టాడట. తొడ ముక్కను ఎముక పొడవునా వాలుగా కోసేది ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. ఎవరిచ్చారని అడిగితే, స్టోర్ పటేల్ బాబు ప్రతి వారం ఇస్తాడని సంతోషంగా చెప్పారట.

మరుసటి ఆదివారం ఆయన వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. పొట్లం అలాగే రెండు చేతులతో చాపాడు. నేను అందుకున్నాక, మామూలుగా వెనుదిరిగే మనిషి ఆగాడు.

"ఒడియావోళ్లు ఆవనూనెల వండిండ్రు పటేలా. మంచిగున్నది" అన్నాడు.

దెప్పలేదు. మంచి వార్త చెప్పినట్టు చెప్పాడు. అదే అదును. తలుపులు తీసినవాళ్లు కూడా ఆ రోజు ఎవరూ లేరు. నోట్లో నుంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా, ఎండ బాగా ఉంది, జాగ్రత్తగా పో. ఆయన తల ఊపి మెట్లు దిగాడు. ఆ తర్వాత కూడా మూడేళ్లు తెచ్చాడు. పోగు నేరుగా షెడ్లకే ఇచ్చేయవచ్చు కదా అని ఆయన అనలేదు. అది పటేల్ చేతి మీదుగానే పోవాలి.

నేను ఎప్పుడూ వంతెన కిందికి వెళ్లేవాణ్ణి కాదు. పటేల్ పోగుల దగ్గరికి పోకూడదు. ఒకే ఒక్కసారి, లారీ సమ్మె వల్ల కంపెనీకి రావాల్సిన సరుకు ముత్తంగిలో ఆగిపోతే ఆదివారమైనా చూసి రమ్మన్నారు. దారిలో వంతెన దగ్గర ఆగాను. ఆయన పని మధ్యలో ఉన్నాడు. నీలం తాడ్‌పత్రి మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. నడిచిన చోటల్లా ఎర్రటి మడమ ముద్రలు పడుతున్నాయి. యాట నెత్తురు అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు. చివరి గోరంత ముక్కను మార్చడానికి వంగి, మడమ పైకెత్తినప్పుడు చూశాను. ఎముక పేడు ఒకటి, అగ్గిపుల్ల సగమంత, మడమలో దిగి ఉంది. దాని మీదే నిలబడి పద్నాలుగు ఇళ్లకు పోగులు పెట్టాడు.

నేను చూపించాను. ఆయన కాలు మడిచి చూసుకుని, కంట్లో నలుసు తీసినంత తేలిగ్గా దాన్ని పీకి పక్కన పడేశాడు. "నొప్పి లేదు పటేలా" అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నాడు. డాక్టరమ్మ చెప్పింది ఇద్దరికీ గుర్తుంది. ఆయన నా ముఖం చూశాడు, నేను తాడ్‌పత్రి చూశాను. చుట్టూ పద్నాలుగు ఇళ్లవాళ్లు ఉన్నారు. ఇందరి ముందు నేను వద్దంటే ఆయన పరువు పోతుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. పోయేది ఎవరి పరువో నాకు తెలుసు. ఆ రోజు ఆయన మా ఇంటిదాకా రాలేదు. పోగు అక్కడే, వంతెన కింద, గడప లేని చోట చాపాడు. నేను అందుకున్నాను. ఆయన మడమకు గుడ్డ చుట్టుకుని "ఇది ఎవలికి" అనడం వెనక నుంచి వినిపించింది.

పుండు మానలేదు. ఆసుపత్రికి వెళ్లమని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నారు. నెల రోజులు పసుపు పెట్టుకుని, షూ తొడుక్కుని షిఫ్టు చేశాడు. ఆదివారాలు షూ విడిచి పోగులు పెట్టాడు. చీము పాదమంతా పాకి ముందు వేళ్లు నల్లబడ్డాయి. వేళ్లు తీశారు. తర్వాత మోకాలి కింది వరకు తీశారు.

నేను సంగారెడ్డిలో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మంచం మీద లేచి కూర్చోబోయాడు. నిలబడడానికి లేదు కనుక, చేతులతో పరుపును నొక్కి కాస్త పైకి లేచినట్టు చేశాడు. ఆయన భార్య పక్కన స్టూలు మీద ఉంది. ఆమె లేవలేదు, నా వైపు చూడలేదు. అది నాకు న్యాయంగానే తోచింది. ఏం మాట్లాడాలో తెలియక, తిండి ఏమిస్తున్నారు అని అడిగాను. ఉప్పు లేని పప్పు అన్నాడు. చిన్నగా నవ్వాడు.

"ఇగ నిలవడి పోగులు పెట్టలేను గద పటేలా. నువ్వు అనకున్నా బందయింది."

అంత తేలికపడిన ముఖం ఆయనలో ఎన్నడూ చూడలేదు. ఒక కాలు ఇచ్చి బయటపడ్డాడు. దానికి జవాబుగా అన్నా అని పిలవాలనుకున్నాను. నర్సు మందుల ట్రే తీసుకుని వచ్చింది, నేను స్టూలు జరిపి దారి ఇచ్చాను, ఆ తర్వాత లేచి వచ్చేశాను.

ఎనిమిది నెలలు బతికాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన అయ్యాక, అందరూ పిడికెడు మన్ను వేసే వేళ, నేను వెనక వేపచెట్టు దగ్గర నిలబడ్డాను. జనం కదిలి మధ్యలో దారి వదిలారు. ఎందుకో ముందు అర్థం కాలేదు. మొదటి పిడికెడు పటేల్ వెయ్యాలె అని ఆయన తమ్ముడు అన్నాడు. కూతురు తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపులో వెళ్లమని ఉందో వద్దని ఉందో నాకు తెలియలేదు. వద్దు, ముందు ఇంటివాళ్లు వెయ్యండి అని అనవచ్చు. అక్కడ అడ్డం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. దారి తెరిచి ఉంది, అందరూ చూస్తున్నారు. నడిచాను. వంగి మన్ను తీసుకుని మొదటి పిడికెడు నేనే వేశాను.

పది రోజుల తర్వాత ఆదివారం పన్నెండు గంటలకు తలుపు కొట్టిన చప్పుడైంది. ఆయన అల్లుడు. ముత్తంగి గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ముప్పై దాటిన మనిషి, అప్పటికే బొద్దుగా ఉన్నాడు. గడప అవతల నిలబడి ఉన్నాడు. చెప్పులు మెట్ల కింద విడిచి వచ్చాడు. చేతిలో మోదుగాకుల పొట్లం. మామ చెప్పిపోయాడా అని అడిగాను. లేదట, వంతెన కిందివాళ్లు నువ్వు పెట్టాలె అన్నారట. పోగులు సరిగ్గా కలవలేదని, తక్కెడతో తూచామని, మా పోగు మాత్రం తూచలేదని సిగ్గుపడుతూ చెప్పాడు. కార్జం తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు.

వద్దు అన్నాను. ఇక ముందు కూడా వద్దు, వాళ్లకు చెప్పు, చెప్పులు వేసుకో అన్నాను.

సరే పటేలా అన్నాడు. పొట్లం చంకలో పెట్టుకుని దిగిపోయాడు. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. కింద బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎదురు వాటా తలుపు తెరుచుకోలేదు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వంటింట్లో కుళాయి ఆగింది. నా భార్య వచ్చి, తలుపు నేను వేయనా అని అడిగింది.

మాకు మిగిలిన ఆఖరి భూమి కొండాపూర్ దారిలో ఇరవై గుంటల చెలక. ఆయన కాలు తీసిన నెలలో ఆ ఆసుపత్రి ఖర్చులకు దాన్ని అమ్మాను. కొన్నవాళ్లు ప్లాట్లు చేశారు.